పెట్రోల్ కాక్ కారుతోందా? కొత్తది కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి

పాత బళ్ల గురించి మాట్లాడుకుంటున్నాం కదా, ఇవాళ ఒక చిన్న వస్తువు సంగతి చెప్పుకుందాం. అరచేతిలో ఇమిడిపోతుంది. కానీ అది మొరాయిస్తే బండి దారి మధ్యలో ఆగిపోతుంది, ఇంజన్ దెబ్బతింటుంది, ఖర్మ కాలితే ఇల్లు కూడా కాలుతుంది. అదే పెట్రోల్ కాక్. దాని లోపల ఉండే వాచర్లు, ఓరింగుల గురించే ఈ ఎపిసోడ్ అంతా.

మీలో చాలామంది నడిపే బళ్లకి ఈ కాక్ ఉండదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. ట్యాంకులో ఉన్న పంపు పెట్రోల్ని తోస్తుంది, కీ తిప్పి ఆపేస్తే అదీ ఆగిపోతుంది. పాత బళ్లలో పంపూ లేదు, పాడూ లేదు. ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. నీరు పల్లమెరుగు అన్నట్టు పెట్రోలు తన బరువుకి తనే కిందకి దిగుతుంది. ఆ దారికి కాపలా ఈ కాక్ ఒక్కటే. మైసూరులో 1961 నుంచి తయారైన జావా, ఆ తర్వాత యెజ్డీ, మద్రాసు బుల్లెట్, రాజ్‌దూత్, 1985లో వచ్చిన ఆర్ఎక్స్ 100, ఏది తీసుకున్నా సంగతి ఇంతే. ఆన్, ఆఫ్, రిజర్వు. మూడు స్థానాలు, ఒక చిన్న లివరు.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలాంటి బళ్లు ఇంకా చాలా ఇళ్లల్లో ఉన్నాయి. తాతగారిదో, నాన్నగారిదో, అమ్మడానికి మనసొప్పక వసారాలో పెట్టి పైన దుప్పటి కప్పిన బండి. మా ఇంట్లోనూ ఒకటి ఉంది. మా నాన్నగారి టూ స్ట్రోక్ బండి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే జరిగినదాంట్లో తప్పు బండిది కాదు, నాది.

ముందు ఆ కథ వినండి, తర్వాత రిపేరుకి వద్దాం.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, మనవాళ్లెవరూ మర్చిపోరు. ఆ రాత్రి మా షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. బండి వానలో నానింది. ట్యాంకు మూత సందులోంచి నీళ్లు లోపలికి దిగాయి. తర్వాత చాలా కాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్లకి నాకు సరదా పుట్టి బయటికి తీశాను. ట్యాంకు కడిగాను, ప్లగ్ మార్చాను, కార్బొరేటర్ శుభ్రం చేయించాను. నాలుగు కిక్కులకి స్టార్టయింది. ఆ శబ్దం విని మా నాన్నగారు లోపల్నుంచి నవ్వుకుంటూ వచ్చారు. కాక్ మాత్రం నేను విప్పలేదు. ఆన్ చేస్తే పెట్రోలు వస్తోంది కదా, ఇంకేం చూడాలి అనుకున్నాను.

ఆ ఏడు సిరిమానోత్సవానికి శ్రీకాకుళం నుంచి విజయనగరం దాని మీదే బయల్దేరాను. రణస్థలం దాటాక హైవే మీద బండి దగ్గి ఆగిపోయింది. సరే, రిజర్వులో పడిందేమో అని లివరు తిప్పాను. కిక్కు కొట్టాను, కొట్టాను, కాళ్లు పీకాయి తప్ప బండి కదల్లేదు. మూత తీసి ఊపితే ట్యాంకు పూర్తిగా ఖాళీ. రిజర్వు అన్నదే మిగల్లేదు. పెట్రోలు తక్కువ పోయించానేమో అనుకుని ఒక లారీ డ్రైవర్ అన్నయ్యని బతిమాలి బంకు దాకా వెళ్లొచ్చాను. పైడితల్లమ్మ దయ, సిరిమాను తిరిగే వేళకి చేరిపోయాను. కానీ బండి ఆ రోజే నాకు ఒక మాట చెప్పింది. నేను వినలేదు. ఆ మాట ఏమిటో కాసేపట్లో చెప్తాను.

వారం తిరక్కుండా రెండో మాట చెప్పింది. రాత్రి బండిని వసారాలో పెట్టాను, కాక్ ఆఫ్ చేశాను, బాగా గుర్తు. తెల్లారి అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టడానికి అగ్గిపెట్టె పట్టుకుని వచ్చింది. గడప దాటుతూనే ఆగి, "ఏటిరా ఈ కంపు!" అని ఒక్క అరుపు అరిచింది. వెళ్లి చూస్తే బండి కింద పెట్రోలు మడుగు. వసారా వాలు ఎటుందో అటే పారి తులసికోటకి జానెడు దూరంలో ఆగింది. అమ్మకి ఆ రోజు జలుబు చేసి ఉంటే? వాసన తెలియక అగ్గిపుల్ల గీసి ఉంటే? ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఒక లెక్క చూడండి. రెండు సెకన్లకి ఒక్క చుక్క పడితే మన కంటికి అదేం పెద్ద కారడంలా కనపడదు. కానీ రాత్రి ఎనిమిది గంటల్లో అవి పద్నాలుగు వేల చుక్కలు, ఒక గ్లాసుకి పైమాటే. పైగా పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పైకెగిరి పోదు, నేల మీదే పాకుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి దానికి ఉంటుంది. మన ఎండల్లో ఇంక చెప్పాలా? దీపం, గ్యాస్ పొయ్యి, బీడీ, ఏదైనా చాలు.

సరే, నేనేం చేశాను? మనందరం చేసే పనే. షాపుకి పోయి కొత్త కాక్ కొనుక్కొచ్చి బిగించేశాను. గంట తర్వాత చూస్తే మళ్లీ తడి! దాని మీద గ్యాస్కెట్ పేస్ట్ పూశాను. రెండు రోజులు ఆగింది, మూడో రోజు ఆ పేస్టు మెత్తగా ఉబ్బి ఊడి చేతికొచ్చింది. అప్పుడు సిగ్గు వదిలి, శ్రీకాకుళంలో పాత బళ్లు చేసే మెకానిక్ మావయ్య దగ్గరికి తోసుకెళ్లాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి అన్నాడు: "కాక్ మార్చీసినావు, సరే. ఎక్కడ కారతందో సూసినావా? జొరం ఎందుకొచ్చిందో తెలకుండా మందేసినట్టుంది బాబూ నీ యవ్వారం."

ఇదీ ఇవాళ్టి పాఠం. కాక్ కారుతోంది అనడం రోగం పేరు కాదు. ఎక్కడ కారుతోంది అన్నదే అసలు ప్రశ్న. ఒక్క కాక్‌లో కారడానికి నాలుగు చోట్లున్నాయి, ఒక్కో చోటికి ఒక్కో మందు.

మావయ్య ఎలా కనిపెట్టాడో చూడండి. పొడి గుడ్డతో కాక్ మొత్తం శుభ్రంగా తుడిచాడు. జేబులోంచి చిన్న ఫేస్ పౌడర్ డబ్బా తీసి కాక్ మీదా, చుట్టూ ట్యాంకు మీదా పల్చగా చల్లాడు. ఐదు నిమిషాలు ఆగి చూడమన్నాడు. తెల్లటి పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపించింది. పెట్రోలు కిందకి జారి చివర్లో చుక్క కడుతుంది కాబట్టి, చుక్క ఉన్న చోటే లీకు అని మనం మోసపోతాం. పౌడర్ మోసం చెయ్యదు. మీరూ ఇదే చెయ్యండి, ఖర్చు లేని టెస్టు.

ఇప్పుడు ఆ నాలుగు చోట్లు చెప్తాను.

మొదటిది, ట్యాంకుకీ కాక్‌కీ మధ్య. కొన్ని బళ్లలో కాక్ రెండు బోల్టులతో ట్యాంకుకి బిగుస్తుంది, కొన్నిట్లో ఒకే పెద్ద నట్టు. మధ్యలో ఒక ఓరింగో ప్యాకింగో ఉంటుంది. అది గట్టిపడినా, నలిగినా పైనుంచి తడి వస్తుంది. ఇక్కడే ఇంకో రహస్యం ఉంది. కొన్ని ట్యాంకుల్లో బోల్టు బెజ్జం లోపలి దాకా వెళ్తుంది. అప్పుడు పెట్రోలు బోల్టు మరల వెంట దిగుతుంది. దాన్ని ఆపడానికి బోల్టు తల కింద చిన్న ఫైబర్ వాచరు వేస్తారు. నేను కొత్త కాక్ బిగించినప్పుడు ఆ వాచర్లు పాత కాక్‌తో పాటు చెత్తబుట్టలో పడేశాను. కొత్త కాక్ కారడానికి కారణం అదే. రెండు చిన్న వాచర్లు, టీ డబ్బుల పని.

రెండోది, లివరు దగ్గర. లివరు కాడ చుట్టూ ఉండే ఓరింగు అరిగితే లివరు వెనకనుంచి తడి వస్తుంది. బండి పెట్టినప్పటికన్నా లివరు తిప్పినప్పుడు ఎక్కువ కారితే అనుమానం దీని మీదే.

మూడోది, కింద గిన్నె. చాలా కాక్‌లకి అడుగున చిన్న కప్పు ఉంటుంది, నీళ్లూ మట్టీ పెట్రోలులోంచి కిందకి దిగి అక్కడ చేరడానికి. ఆ కప్పుకీ ఒక ఓరింగు ఉంటుంది. కప్పు శుభ్రం చేసి పాత ఓరింగే మళ్లీ పెడితే కొన్నిసార్లు మెలిపడి కారుతుంది.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే అది కాక్ బయట కనపడదు. లివరు వెనకాల నాలుగైదు బెజ్జాలున్న ఒక గుండ్రటి రబ్బరు వాచరు ఉంటుంది. దాన్ని అలలాగా వంగిన ఒక స్ప్రింగ్ వాచరు గట్టిగా అదుముతూ ఉంటుంది. లివరు తిప్పితే ఏ బెజ్జానికి ఏ దారి కలవాలో అదే నిర్ణయిస్తుంది. ట్యాంకు లోపల ఆన్‌కి ఒక పొడుగు గొట్టం, రిజర్వుకి అడుగున ఒక బెజ్జం. పెట్రోలు పొడుగు గొట్టం మూతి కన్నా కిందకి దిగితే ఆన్‌లో రాదు, అప్పుడు మనం రిజర్వుకి తిప్పుతాం. ఆ వాచరు అరిగిందనుకోండి, ఒక దారి ఇంకో దారిలోకి కారుతుంది. ఆన్‌లో ఉండగానే రిజర్వు పెట్రోలు కూడా తెలియకుండా అయిపోతుంది. రణస్థలం దగ్గర నా బండి చెప్పిన మొదటి మాట ఇదే! రిజర్వు పనిచెయ్యకపోతే పెట్రోలు తక్కువ పోయించానని కాదు, వాచరు పోయిందని అనుమానపడాలి.

అదే వాచరు ఆఫ్‌లో కూడా ఆపలేదు. పెట్రోలు రాత్రంతా కార్బొరేటర్లోకి దిగింది. అక్కడ ఫ్లోట్ సూది ఆపాలి, దాని కిందా చిన్న తుప్పు రేణువు పడింది. రెండు కాపలాలూ నిద్రపోయాయి. పెట్రోలు ఓవర్‌ఫ్లో పైపులోంచి వసారా మీదకి వచ్చింది. బయటికి వచ్చింది కాబట్టి మేం చూశాం. ఇంజన్ లోపలికి పోతే చూసేవాళ్లెవరు? టూ స్ట్రోక్ అయితే పెట్రోలు ఇంజన్ అడుగున చేరి కిక్కు బిగుసుకుపోతుంది. బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ అయితే పిస్టన్ పక్కనుంచి దిగి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ నీళ్లలా పల్చబడుతుంది, బేరింగులు అరిగిపోతాయి. ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, పొయ్యకుండానే మట్టం పెరిగినా, బండి స్టార్ట్ చెయ్యకండి. ముందు ఆయిల్ మార్చాలి.

ఈ లోపలి వాచరుని పరీక్షించడం తేలిక. కాక్ ఆఫ్ చేసి, కార్బొరేటర్‌కి వెళ్లే పైపు ఊడదీసి, దాని చివర ఒక స్టీలు గ్లాసులో పెట్టండి. ఆరుబయట, నిప్పుకి దూరంగా, మీరు పక్కనే ఉండి, ఒక అరగంట. గ్లాసు పొడిగా ఉంటే వాచరు బాగున్నట్టు. ఒక్క చుక్క పడినా మార్చాల్సిందే.

ఇక రిపేరు ఎలా చెయ్యాలి? ఆరుబయట చెయ్యండి. పక్కన బకెట్ ఇసుక పెట్టుకోండి. ఇంజన్ చల్లగా ఉండాలి. బ్యాటరీ వైరు తీసెయ్యండి. వీడియో తీస్తున్న ఫోన్‌ని దూరంగా స్టాండ్ మీద పెట్టండి, ట్యాంకు నోట్లోకి దూర్చకండి. పెట్రోలు మొత్తం మూతున్న ఇనప క్యాన్‌లోకి దించండి, మంచినీళ్ల బాటిల్లోకి కాదు. ఇంట్లో పిల్లలు దాన్ని ఏమనుకుంటారో ఆలోచించండి.

తర్వాత కాక్ విప్పండి. విప్పే ప్రతి దశలో ఒక ఫొటో తీసుకోండి. ఫోన్ అసలు ఉపయోగం ఇక్కడే. ఏ వాచరు ఏ వైపు ఉందో మళ్లీ గుర్తుండదు. లివరు ప్లేటుకి ఉండే రెండు చిన్న స్క్రూలు తుప్పు పట్టి మొండికేస్తాయి. స్క్రూడ్రైవర్ తలకి సరిగ్గా సరిపోవాలి, లేకపోతే స్క్రూ తల అరిగిపోయి కొత్త తలనొప్పి. కాస్త తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి.

లోపల చూడండి. రబ్బరు వాచరు మీద గుండ్రంగా గాడి పడిందా? గట్టిపడి పగిలిందా? మార్చండి. ఆ వాచరు ఆనే లోహం ముఖం కూడా చూడండి. గీతలుంటే కొత్త వాచరు వేసినా కారుతుంది. చదునైన గాజు పలక మీద వెయ్యి నంబరు వాటర్ పేపరు పరిచి, లివరు ముఖాన్ని మెల్లగా ఎనిమిది అంకె వేస్తున్నట్టు రుద్దండి. గీతలు పోయేదాకానే, మోజు తీరేదాకా కాదు. పొడి అంతా కడిగెయ్యండి. ఫిల్టర్ జాలీ కూడా శుభ్రం చెయ్యండి.

బిగించేటప్పుడు బలం చూపించకండి. రెండు బోల్టులూ ఒకసారి ఇటు, ఒకసారి అటు, కొంచెం కొంచెంగా. ఒక పక్కే గట్టిగా బిగిస్తే కాక్ వంగిపోతుంది, ఇక ఏ ఓరింగూ దాన్ని కాపాడలేదు. తర్వాత అర లీటరు పెట్రోలు పోసి, మళ్లీ పౌడర్ చల్లి, ఆఫ్, ఆన్, రిజర్వు మూడింట్లోనూ చూడండి. పొడిగా ఉంటేనే ట్యాంకు నింపండి.

ఇప్పుడు చెయ్యకూడనివి. సైకిల్ ట్యూబు కోసి వాచరు చెయ్యడం మన ఊళ్లలో మామూలే. నీళ్ల కుళాయికి పనికొస్తుంది, పెట్రోలుకి కాదు. ఆ రబ్బరు పెట్రోలు తాగి ఉబ్బుతుంది, బెజ్జాలు మూసుకుపోతాయి. కారడం ఆగిందని సంతోషించేలోపు పెట్రోలు రావడం కూడా ఆగుతుంది, కొన్ని కిలోమీటర్లకొకసారి బండి ఆగుతుంది. మామూలు సిలికాన్ పేస్టు కూడా అంతే, నా అనుభవం విన్నారుగా. స్నానం సబ్బు రుద్దడం మాత్రం వేరు. సబ్బు పెట్రోలులో కరగదు, కాబట్టి దారిలో ఇంటికి చేరేదాకా కాస్త ఆపుతుంది. అది కట్టు మాత్రమే, వైద్యం కాదు.

మరి ఏ రబ్బరు కొనాలి? షాపులో నైట్రైల్ అని అడగండి, పెట్రోలుకి తట్టుకుంటుంది. వైటాన్ దొరికితే ఇంకా మంచిది, ధర ఎక్కువైనా. కారణం ఇథనాల్. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ సగటున 10 శాతానికి 2022లో చేరింది, 20 శాతం కలిపిన ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. నాన్నగారి కాలంలో ఈ వాచర్లు తయారుచేసినవాళ్లు ఇంత ఇథనాల్‌ని ఊహించలేదు. పైగా ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి తీరాల్లో గాలిలోనే ఉప్పూ తేమా. సగం ఖాళీ ట్యాంకుతో బండి నెలలు నిలబడితే లోపల తుప్పు, ఆ తుప్పు పొడి వచ్చి వాచరు మీద గీతలు. అందుకే మన సముద్రం వైపు ఊళ్లలో ఈ రోగం ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇంకా పాత ఇంగ్లీషు బళ్లలో, ముందుకీ వెనక్కీ లాగే కాక్‌లలో బెండు ఉంటుంది, అదే సీసా బిరడాకి వాడే బెండు. ఎండితే ముడుచుకుపోయి కారుతుంది. దాన్ని బయటికి తీసి వేడినీళ్లలో కాసేపు నానబెడితే ఉబ్బి కొన్నాళ్లు ఆగుతుంది. బండిని ఎండబెట్టి ఉంచితే మళ్లీ అదే కథ.

చివరిగా నాలుగు అలవాట్లు. బండి ఆపిన ప్రతిసారీ కాక్ ఆఫ్ చెయ్యండి, పది నిమిషాలకైనా సరే. నడపకపోయినా వారానికొకసారి లివరు అటూ ఇటూ తిప్పండి, రబ్బరు లోహానికి అతుక్కుపోదు. పాత బండిని వసారాలో, పొయ్యి గోడకి ఆనించి, దీపం పెట్టే చోట ఉంచకండి. పెట్రోలు వాసన వస్తే "పాత బండి కదా, మామూలే" అనకండి. పాత బండికి వాసన రావడం మామూలు కాదు. అది బండి మాట్లాడే మాట.

మావయ్య నా దగ్గర ఎంత తీసుకున్నాడో తెలుసా? వాచర్ల డబ్బులు మాత్రమే. నేను కొత్త కాక్ తిరిగి ఇచ్చేద్దామా అంటే నవ్వి, "దాన్నట్టే ఉంచు. పాతదే బాగు సేసీసినాను, అసలుదానంత గట్టిది కాదిది" అన్నాడు. ఇప్పుడు నాన్నగారి బండి మీద నాన్నగారి కాలం నాటి కాకే ఉంది. రోజూ రాత్రి పడుకునే ముందు అమ్మ అడుగుతుంది, "కాక్ కట్టీసినావా?" అని. తాళం వేశావా అని అడిగినట్టే.

మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే ఈ ఎపిసోడ్ అవగానే లేచి వెళ్లండి. వంగి కాక్ కింద వేలు పెట్టి చూడండి. వేలు పొడిగా ఉంటే సంతోషం. తడిగా ఉంటే ఏ చోట కారుతోందో పౌడర్ టెస్టు చేసి, బండి పేరు రాసి కామెంట్‌లో పెట్టండి, కలిసి చూద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో ఆ రెండో కాపలాదారు, కార్బొరేటర్ ఫ్లోట్ సూది సంగతి చెప్పుకుందాం. ఉంటాను మరి. జాగ్రత్త.